తుండు వేసిన బోర్డు

తట్టాంచావడిలో మా కంపెనీ మేడ మీద ఒక ఇనుప అర ఉంది. అందులో అరచేయంత బోర్డులు నాలుగు. పాలు చల్లబరిచే యంత్రాలకు అవే మెదడు. ప్రోగ్రాంలు రాసే పిల్లలు ఇళ్లల్లోనే కూర్చుని, నెట్‌లో ఈ నాలుగింటినీ పంచుకుని వాడుకుంటారు. బోర్డు బిగుసుకుపోతే ఫోన్ చేస్తారు, నేను బటన్ నొక్కుతాను. నా ఐదో తరగతికి ఇంతకన్నా పెద్ద ఉద్యోగం ఢిల్లీలో కూడా లేదు.

పంచుకునే పద్ధతి బస్సు సీటుకు తుండు వేసినట్టే. లిస్టులో బోర్డు పక్కన పేరు పెట్టుకుంటే అరగంట వాళ్లది. మనిషికి ఒకటే. అరగంట దాటేలోపు మళ్లీ అడక్కపోతే ఖాళీ. మా మేనమామ విల్లుపురం బస్సు కిటికీలోంచి వేసిన తుండు ఎంత గట్టిదంటే, ఆ బస్సు పాత ఇనుముకు పోయిన మూడేళ్లకు కూడా ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. కళ్లారా చూశాను.

సుధాకరన్ మా మామను మించినవాడు. ఇంటి కంప్యూటర్లో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టాడు. ఏ బోర్డు ఖాళీ అయినా రెప్పపాటులో అది అతని పేరు వేస్తుంది, అరగంటకోసారి తనే మళ్లీ అడుగుతుంది. అతను గురక పెడుతున్నా బోర్డు అతనిదే. నన్ను పేరు పెట్టి పిలవడు, ‘స్విచ్చు’ అంటాడు.

ఒర్లియంపేట అభినయ ఆరు నెలల ప్రొబేషన్ మీద చేరింది. ఉద్యోగం నిలవాలంటే ఆమె ప్రోగ్రాం బోర్డు మీద నాలుగు గంటలు ఆగకుండా నడవాలి, శుక్రవారం దాన్ని కస్టమర్‌కు చూపించాలి. మంగళవారం మూడున్నర గంటలు నడిచింది. అంతలో నీళ్ల క్యాన్ వచ్చిందని ఆ పిల్ల లేచింది. మళ్లీ అడగడం రెండు నిమిషాలు ఆలస్యమైంది. ఆ రోజు ఆలస్యంగా మొదలై, బోర్డు దొరక్క కాచుకుని ఉన్న సుధాకరన్ ప్రోగ్రాం దాన్ని లాక్కుంది, నడిచిందంతా చెరిగిపోయింది. ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. మర్నాడు మీటింగులో మాత్రం, "ఆ పాపకు పని మొదలుపెట్టడమే తెలుసు" అన్నాడట.

ఆ మధ్యాహ్నమే అభినయ మేడెక్కి వచ్చింది. కంట్లో తడి లేదు.

"తాతా, పిడుగు పడి చచ్చిందే, ఆ ఐదో బోర్డు యాడుండాది?"

"ఈడే. కర్మ చేసేదానికి అయ్యరు దొరకలే."

"దాన్ని అరలో పెట్టి వైరు తగిలించు. లైటు వెలుగుతుందా?"

"లైటు వెలుగుతుంది. బుర్రే లేదు."

"సుధాకరన్ అన్నకు అది చాలు."

గురువారం సాయంత్రం మేనేజరు రఘునాథన్‌కు చెప్పే దాన్ని లిస్టులో అన్నిటికన్నా పైన చేర్చింది. పక్కన ‘పాడైన బోర్డు, ఎవరూ తీసుకోవద్దు’ అని రాసింది. మనుషులందరూ చదివి వదిలేశారు. ప్రోగ్రాంకు ఆ మాట చదవడం ఎవరు నేర్పారు?

శుక్రవారం పొద్దున ఏడింటికి రోజూలాగే అన్నీ ఆపి మళ్లీ పెట్టాను. పేర్లన్నీ చెరిగిపోయాయి. లిస్టును పైనుంచి వెతికే ప్రోగ్రాం ఆబగా మొదట కనబడ్డ చచ్చిన బోర్డుకే సుధాకరన్ పేరు వేసింది. రెండోది అభినయ తీసుకుంది.

పదకొండున్నరకు మేట్టుపాళయంలో కస్టమర్ ముందు తన పని చూపించడానికి సుధాకరన్ తెర తెరిచాడు. నల్లగా ఉంది. వేరే బోర్డు తీసుకుందామని దాన్ని వదిలాడు. వదిలిన క్షణమే అతని ప్రోగ్రాం మళ్లీ పట్టుకుంది. పదకొండుసార్లు వదిలాడు, పదకొండుసార్లు పట్టుకుంది. నాకు ఫోన్.

"పెద్దాయనా, నా పేరు తీసెయ్యండి."

"స్విచ్చుకు బటనే తెలుసు నైనా."

"ఆడుకోవద్దు, కస్టమర్ చూస్తా ఉండారు."

"అయితే ఆ ప్రోగ్రాం ఆపు."

"అది ఇంట్లో ఉండాది."

"మరి ఇంటికి పో."

తర్వాత అభినయ వంతు. నా పక్కనే కూర్చుని నెట్‌లో కస్టమర్‌కు చూపించింది. తెర మీద చల్లదనం చూపే గీత నాలుగు గంటలూ తాడు లాగి కట్టినట్టుంది. రఘునాథన్ ఫోన్ చేసి, "సోమవారం పర్మినెంటు ఆర్డరు తీసుకో అమ్మా" అన్నాడు.

వెంటనే సుధాకరన్ ఫోన్. ఆ పిల్ల స్పీకర్ పెట్టింది.

"అభినయా, కస్టమర్ ఇంకో అరగంట ఉంటారు. బోర్డు నీ పేరు మీదే ఉండనీ, నేను చూపించాల్సిన ప్రోగ్రాం దాంట్లో వెయ్యి. పది నిమిషాలు చాలు."

"నా టైం ఇంకా ఉండాదన్నా."

"నీ పని అయిపోయింది కదా?"

"అయిపోయింది."

ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. అది మోగుతూనే ఉంది.

ఇచ్చేయమ్మా అని చెప్పాల్సిన వయసు నాది. చెప్పలేదు. బోర్డు మీద ఏ పనీ లేకుండా పచ్చలైటు ఊరికే వెలుగుతోంది. బుకింగ్ ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది. కింద కొట్టు నుంచి టీ తెప్పించాను. ఇద్దరం కూర్చుని ఆ ఇరవై రెండు నిమిషాలూ పూర్తిగా వాడుకున్నాం.