అంచు లేని పట్టీ

మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంటుకు వచ్చిన యంత్రం బెంగళూరులోని ఒక పాత కాలేజీది. అణువుకన్నా చిన్న కణాలను వేగంగా తరమడానికి తొలిరోజుల్లో కట్టినది. కాలేజీవాళ్లు భవనం కూల్చేస్తూ దాన్ని పాత ఇనుముకు అమ్మబోతుంటే మా పద్మావతి మేడం వెళ్లి అడిగారు. తీసుకెళ్లండి, ఉగాది అయ్యాక వచ్చి చూస్తాం, నడిస్తే మీదే, నడవకపోతే తూకానికే అన్నారు వాళ్లు. నా పరిశోధన మొత్తం దాని మీదే పెట్టుకున్నాను.

అమ్మ పోయిన నెల అది. మేడం ఇంటి దగ్గర ఉండమన్నా వినకుండా లారీతోపాటే వచ్చాను.

హిందూపురంలో టీ కోసం ఆగితే జనం మూగారు. లారీ మీద మనిషెత్తు అల్యూమినియం గోళం ఎండకు మెరుస్తోంది.

"ఏమప్పా, ఏ దేవళం కలశం ఇది?" అని ఒక ముసలాయన అడిగాడు.

"మా మామ తలకాయ, పెద్దాయనా. లోపల ఏమన్నా ఉండాదేమో చూపిద్దామని యూనివర్సిటీకి తీసకపోతాండా," అన్నాడు డ్రైవర్ కుళ్లాయప్ప.

అందరూ నవ్వారు. నవ్వాలని తెలిసి నేనూ నవ్వాను.

పెనుకొండలో మా ల్యాబులో దించి, విప్పి చూశాం. లోపల పాత పట్టు పట్టీ ఉంది. ముట్టుకుంటే బూడిదలా రాలింది. బావిలోంచి బొక్కెన నీళ్లు తెచ్చినట్టు, ఆ పట్టీ కిందినుంచి విద్యుత్తును మోసుకెళ్లి పైన గోళంలో దించాలి. పట్టు మీద పెట్టిన విద్యుత్తు పెట్టినచోటే ఉంటుంది, జారిపోదు.

మీ నాయన ధర్మవరంలో మగ్గం నేస్తాడు కదా అన్నారు మేడం.

అమ్మ పోయాక నాయన మగ్గం ఎక్కలేదు. అయినా ఫోన్ చేసి కొలతలు చెప్పి, పట్టు తప్ప ఇంకేమీ వద్దు, జరీ అసలే వద్దు అన్నాను. అంచు లేకుండానా అని రెండుసార్లు అడిగాడు. అవునన్నాను. పది రోజులకు నేసి పంపాడు.

పట్టీని రెండు కొసలూ కలిపి కుట్టి ఎక్కించాం. మోటారు తిరిగింది, పట్టీ తిరిగింది. గోళంలో మాత్రం ఏమీ నిలవలేదు. తేమేమో అని వేడిగాలి పట్టాం. రోజూ తుడిచాం, రోజూ తిప్పాం. ఉగాది దగ్గర పడింది. చివరికి పట్టీని విప్పి కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే, అంచు పొడవునా రెండు పట్టు పోగుల మధ్య సన్నగా ఏదో మెరిసింది.

జరీ పోగు. పట్టు మోసుకెళ్లినదంతా ఆ లోహపు పోగు వెంట మళ్లీ కిందికి జారిపోతోంది.

మధ్యాహ్నం రైలుకే ధర్మవరం వెళ్లాను. నాయన మగ్గం ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. పట్టీ ఆయన ఒడిలో పెట్టాను.

"జరీ పెడితివా నాయనా?"

"ఒక్క పోగే."

"వద్దంటి కదా."

పట్టీ అంచును వేలితో తడిమాడు.

"మీ అమ్మను ఆసుపత్రిలో అంచు లేని గుడ్డలోనే చుట్టిచ్చిరి," అన్నాడు తర్వాత. "అట్లాంటిది నా మగ్గం మీద నేసి, నువ్వుండే చోటికి ఎట్ల పంపేది?"



"అది ఉంటే యంత్రాన్ని తూకానికేస్తారు నాయనా," అన్నాను.

ఆయన తలూపాడు. కుట్టు విప్పి, గోటితో పోగు కొస పట్టుకుని నెమ్మదిగా లాగాడు. తెగకుండా మొత్తం వచ్చింది. ముడత పడిన అంచును అరచేత్తో సర్ది పట్టీ నాకిచ్చాడు. పోగును వేలికి చుట్టుకుని, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు అట్లే కూర్చున్నాడు.

కాలేజీవాళ్లు వచ్చిన రోజు పట్టీ చాలాసేపు తిరిగింది. నా చేతి మీది వెంట్రుకలు లేచి గోళం వైపు వంగాయి. తర్వాత ఠప్పున నీలం మెరుపు దూకింది. వచ్చినవాళ్లలో ఒకాయన సరే, ఉంచుకోండి అన్నాడు. మేడం కళ్లు తుడుచుకున్నారు. నేను నా చేతినే చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం నాయనకు ఫోన్ చేసి, యంత్రం మాకే ఇచ్చారని చెప్పాను. మంచిది అన్నాడు. వెనకాల మగ్గం చప్పుడు లేదు. పోగు ఇంకా వేలికే ఉందా అని అడగలేదు.