ఐసు గదిలో ఆఖరి సూది

నేను ఒక ఇంజెక్షన్‌ని. గాజు గొట్టం, సన్నని సూది, లోపల చెంచాడైనా లేని నీళ్లలాంటి మందు. చూడ్డానికి ఇంతే. నా ధర మాత్రం చెప్పను. చెబితే మీరు కథ వదిలేసి దాని గురించే మాట్లాడుకుంటారు. మనుషుల సంగతి నాకు తెలుసు.

నన్ను రోట్లో నూరలేదు, పొయ్యి మీద కాచలేదు. సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో, పెద్ద పెద్ద స్టీలు పీపాల్లో, బతికున్న జీవకణాలకు తిండి పెట్టి, వెచ్చగా సాకి, వాటి చేత నన్ను చేయించారు. ప్రాణమున్న వాటిలోంచి పుట్టాను కనుక నాకు సుకుమారం ఎక్కువ. ఎండ తగిలితే పాడవుతాను. గడ్డకడితే చస్తాను. ఈ సంగతి మా పెట్టె మీద రాసే ఉంది, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో.

కొందరు పిల్లల ఒంట్లో కాపలావాళ్లకు మతి చెడుతుంది. పాలు, గోధుమ, గుడ్డు, ఏది లోపలికొచ్చినా దొంగ వచ్చాడని అన్నవాహిక మీద విరుచుకుపడతారు. అది వాచి, గీతలు పడి, ఇరుకైపోతుంది. మెతుకు దిగదు. ఆ కాపలావాళ్లకు కబురు అందకుండా మధ్యలో అడ్డం నిలబడటమే నా పని. అందుకే పుట్టాను.

భీమవరం పక్క ఊళ్లోని జోషిత కోసం నన్నూ, నా తోడబుట్టిన సూదులనూ ఒకే పెట్టెలో పెట్టి హైదరాబాదు ఆసుపత్రిలో ఇచ్చారు. రెండో తరగతి చదివే పిల్ల. ముద్దకో గుక్క నీళ్లు తాగుతుంది. మిగతా పిల్లలు తిని, ఆడుకుని, మళ్లీ క్లాసుకు వెళ్లే వేళకు కూడా ఈమె డబ్బాలో సగం అలాగే ఉంటుంది. మొండిదన్నారు, గారాబమన్నారు, దిష్టి తగిలిందన్నారు. చివరికి ఒక డాక్టరు నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూసి జబ్బు పేరు చెప్పాడు. పాలు మాన్పించారు, గోధుమ మాన్పించారు, మింగే మందులు వాడారు. ఏదీ నిలవలేదు. ఇక మిగిలింది మేమే.

ఆ పిల్లకు కోరికలు పెద్దగా లేవు. మేనమామ పెళ్లి దగ్గర పడుతోంది. ఆ పెళ్లి బంతిలో కూర్చుని, అందరితో పాటు తిని, అందరితో పాటు లేవాలి. వాళ్ల వైపు బంతిలో ఒక్కరు తింటూ ఉన్నా మిగతావాళ్లు లేవరు. అందుకని ఇన్నాళ్లూ జోషితను బంతిలో కూర్చోబెట్టలేదు, వంటగదిలో ఒక మూల పెట్టేవారు.

"ఫ్రిజ్‌లో పెట్టండి. వేడి తగలనివ్వకండి. ఇచ్చే ముందు కాసేపు బయట ఉంచండి," అని నర్సు చెప్పింది. గడ్డకట్టనివ్వొద్దని చెప్పలేదు. ఇంట్లో ఎవరు మాత్రం గడ్డకట్టిస్తారు?

జోషిత తండ్రి సత్తిరాజు గడ్డకట్టించగలడు. ఆయన రొయ్యల ఫ్యాక్టరీలో కోల్డ్ స్టోరేజీ ఇన్‌ఛార్జి. పుట్టి బుద్ధెరిగాక ఆయన చూసిన చెడిపోవడమంతా వేడి వల్లే. ఐసు చాలక కుళ్లిన సరుకును చూశాడు కానీ, ఐసు ఎక్కువై చెడిన సరుకును ఏనాడూ చూడలేదు. మమ్మల్ని ఇంటికి తెచ్చిన రోజే, రోహిణీ కార్తె ఎండల్లో, కరెంటు పోయింది. ఆయన ప్రాణం విలవిల్లాడింది.

"ఈ డబ్బా ఫ్రిజ్‌ని నమ్ముకుంటే పిల్ల గతేంకానూ? మన ఐసు గదిలో పెట్టేత్తాను వేణీ. కరెంటు పోయినా అక్కడ జనరేటరుంటది. అందులో పెట్టిన రొయ్య ఏడాది తర్వాత తీసినా నిన్న పట్టినట్టే ఉంటది," అన్నాడు.

"ఫ్రిజ్ అన్నారు కదండీ?" అంది భార్య వీరవేణి.

"ఫ్రిజ్‌కి బాబులాంటిదే ఇది!"

ఆవిడ పెట్టె తెచ్చి ఆయన చేతికిచ్చింది. చలి విషయంలో ఆయన కంటే తెలిసినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు మరి.

అలా మేము రొయ్యల బ్లాకుల మధ్యకు చేరాం. నీళ్లు రాయైపోయే చోటది. ముందు ఒళ్లు బరువెక్కింది. తర్వాత నాలోని సన్నని మడతలన్నీ, నన్ను మందును చేసిన ఆ మడతలన్నీ, ఒకటొకటిగా చెదిరిపోయాయి. అరవడానికి నోరు లేదు. సత్తిరాజు రోజూ డ్యూటీ ఎక్కగానే మా పెట్టె తాకి చూసి, గట్టిగా ఉందని తృప్తిపడి వెళ్లేవాడు. అంత ప్రేమగా నన్ను చంపినవాడు మరొకడు ఉండడు.

నా తోడబుట్టినవి ఒకటొకటిగా ఇంటికి వెళ్లాయి. కరిగాక మళ్లీ నీళ్లలా తేటగానే కనిపిస్తాం, అదే మా ఖర్మ. వీరవేణి నర్సు నేర్పినట్టే తొడ కండ పట్టి పొడిచేది. జోషిత పళ్లు బిగించి ఓర్చుకునేది.

"ఎలా ఉంది తల్లీ? దిగుతోందా?" అని తండ్రి అడిగేవాడు.

"దిగుతోంది నాన్నా," అనేది. దిగడం లేదు. ఆయన మొహం చూసి అలా అనేది.

పెళ్లి నేను చూడలేదు. తర్వాత హైదరాబాదు వెళ్లే రైల్లో, పక్క సీటావిడకు వీరవేణి చెబుతుంటే, దారిలో వేయాల్సి వస్తుందేమోనని ఐసు నింపి వెంట తెచ్చిన థర్మోకోల్ పెట్టెలోంచి విన్నాను. జోషిత కొత్త పరికిణీ కట్టుకుని బంతిలో కూర్చుందట. అందరూ తినడం అయిపోయింది. ఈమె విస్తరి నిండుగానే ఉంది. "నిదానంగా తిను తల్లీ, నీకోసం కూర్చుంటాంలే," అన్నాడట మేనమామ. ఎవరూ విసుక్కోలేదు. ఎండిన చేతులతో బంతంతా ఆ పిల్ల వైపే చూస్తూ కూర్చుంది. ఆ చూపులకు తట్టుకోలేక జోషిత గారె ముక్క గబుక్కున మింగింది. అది దారిలో ఇరుక్కుంది. లోపలికి పోదు, బయటికి రాదు. ఉమ్మి కూడా మింగలేక నోటి వెంట కారుతుంటే, పెళ్లి పందిట్లోంచే ఆసుపత్రికి ఎత్తుకుపోయారు.

"మందేసే పంపించాం కదండీ బంతికి! పనిచేత్తందనుకున్నాం," అని వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుంది.

హైదరాబాదులో మళ్లీ గొట్టం వేశారు. అవే వాపులు, అవే గీతలు. డాక్టరు మంచివాడే. అడగాల్సింది అడిగాడు కూడా.

"మందు చల్లగానే ఉంచారు కదా?"

"ఆయ్. ఒక్క క్షణం వేడి తగలనివ్వలేదండి," అన్నాడు సత్తిరాజు. అందులో అబద్ధం ఏమీ లేదు.

డాక్టరు తలూపాడు. "కొందరికి పనిచేయదండీ. మీ పాపకు ఈ మందు పడలేదనే అనుకోవాలి. బరువు మరీ తగ్గిపోతోంది. ఇక కొన్నాళ్లు ముక్కులోంచి గొట్టం వేసి, దాంట్లోంచి పోషకాహారం పొడి కలిపి పోయడమే."

గడ్డకట్టని నా తోబుట్టువు ఒక్కటి ఆ పిల్ల ఒంట్లోకి వెళ్లి ఉంటే ఏం జరిగేదో నాకు తెలుసు. డాక్టరుకు తెలియదు, తండ్రికి తెలియదు. ఇంకెప్పటికీ తెలియదు. ఆ పిల్లకున్న ఒక్క తలుపూ తెరవకుండానే మూసేశారు.

డాక్టరు గదిలోంచి బయటికొచ్చాక జోషిత తండ్రి వేలు పట్టుకుని అడిగింది: "నాన్నా, గొట్టంతో తినేవాళ్లని బంతిలో కూర్చోనిస్తారా?"

 సత్తిరాజు చేతిలో పెట్టె వంక చూశాడు. అందులో నేనొక్కదాన్నే మిగిలాను. హాల్లో కరీంనగర్ నుంచి వచ్చిన ఒక తల్లి కూర్చుని ఉంది. ఒళ్లో జోషిత కంటే చిన్న పిల్ల, అదే జబ్బు.

"రాసిచ్చిన్రు గని మందు ఎక్కడ దొర్కుతలేదన్నా," అందావిడ.

మంచికి పోతే చెడు ఎదురైందంటారు. ఆ మనిషి ఎప్పుడూ మంచికే పోతాడు. పెట్టె తీసుకెళ్లి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"మా పిల్లకి పడలేదమ్మా. మీ పాపకైనా పనికొత్తదేమో. మొదటి సూది దీంతో మొదలెట్టండి. ఐసు మాత్రం కరగనీయొద్దు, మా ఫ్యాక్టరీలో పెట్టినట్టు పెట్టుకోండి."

ఆవిడ ఆయన కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి జరిగాడు. పొద్దుట్నుంచీ మొదటిసారి ఆయన మొహంలో కాస్త వెలుగు కనిపించింది.

ఇప్పుడు నేను కరీంనగర్ బస్సులో ఉన్నాను. దారిలో ఆవిడ సోడా బండి దగ్గర కొత్త ఐసు అడిగి తెచ్చి నా మీద పోసింది. "ఇగ నువ్వు మంచిగ తింటవ్ బిడ్డా," అని కూతురికి చెబుతోంది. ఆ పిల్ల పెట్టె మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉందని నవ్వింది.