బీరువాలో తాబేలు కాపురం

నా చీరలు మూటకట్టి అటకెక్కించి, నా చెక్క బీరువాని వెల్లకిలా పడుకోబెట్టి, అందులో మట్టి పోశాడు మా ఆయన చినబాబు. ఎవరికోసం? తాబేలు కోసం. పెళ్ళయ్యాక నాకోసం గోడకి ఒక్క మేకు కొట్టిన మనిషి కాదు!

మా ఊరి రొయ్యపిల్లల హేచరీ మేనేజరుగారు బదిలీ మీద వెళ్తూ తన పెంపుడు తాబేలును పెంచుకునే అనుమతి కాగితాలతో సహా ఈయనకి అప్పజెప్పారు. మెట్ట తాబేలట. నీళ్ళు తాగుతుందే గానీ నీళ్ళలో ఉండదట. ఈయన ఫోన్‌లో వీడియోలు చూసి, బీరువాకి ఓ పక్క వెచ్చగా బల్బు వేలాడదీశాడు, రెండో పక్క చల్లగా వదిలాడు, దాక్కోవడానికి పగిలిన కుండ బోర్లించాడు. అది తోటకూర తిని, బల్బు కింద హాయిగా పడుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాది చీరల బాధ. మా అత్త అప్పాయమ్మది ప్రాణభయం. మా ఉప్పాడలో వలలో తాబేలు పడితే పసుపు రాసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి సముద్రంలో వదిలేస్తాం. తాతల నాటి ఆచారం.

"గంగమ్మ బిడ్డని పెట్టెలో పెట్టి రేపు వేటకెల్తావా? ఆ తల్లి నిన్ను తిరిగి రానిస్తాదా?" అని కొడుకుని పట్టుకుని ఏడ్చింది.

"ఇది సముద్రంలోది కాదమ్మా. నీళ్ళలో వేస్తే మునిగిపోద్ది."

"తాబేలు మునగడమేంట్రా? రేపు చేపకి ఈత రాదంటావు!"

మర్నాడు పొద్దున్నే ఆయన బోటుకి డీజిల్ తేవడానికి వెళ్ళాడు. చూస్తే బీరువా ఖాళీ. నిజం చెప్పాలంటే, ముందు నాకు గుర్తొచ్చినవి చీరలే. ఆ తర్వాత చూస్తే, అత్త కూడా ఇంట్లో లేదు. ఒడ్డుకి పరిగెత్తాను.

అత్త అప్పటికే పసుపూ బొట్టూ పెట్టి, తాబేలును తడి ఇసకలో దించింది. అల తాకగానే అది తల లోపలికి లాక్కుంది. అల వెనక్కిపోగానే తల బయటపెట్టి, మెల్లగా ఊరివైపు తిరిగి నడక మొదలుపెట్టింది. అత్త దాన్ని సముద్రం వైపు తిప్పింది. అది మళ్ళీ ఊరివైపే.

"అటు కాదమ్మా, ఇటు. మీ అమ్మ ఇటుంది" అని అత్త బతిమాలుతుండగానే పెద్ద అల వచ్చి, దాన్ని దొర్లించి, తలకిందులు చేసి, తెచ్చి అత్త కాళ్ళ దగ్గరే పడేసింది. పాపం, నాలుగు కాళ్ళూ గాల్లో కొట్టుకుంటోంది. గబుక్కున తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎందుకో ఏడుపొచ్చేసింది.

అత్త సముద్రానికి దణ్ణం పెట్టింది.

"గంగమ్మే తిప్పి పంపిందే. అంటే నా కొడుకు మీద ఆ తల్లికి కోపం లేనట్టే" అంటూ ఊపిరి పీల్చుకుని, పమిటతో తాబేలును తుడిచింది.

ఇంటికొస్తూనే, సముద్రం వైపు గోడకున్న బీరువాని ఊరివైపు గోడకి జరిపించింది.

"ఇప్పటికి మనవి రెండిళ్ళు ఒడ్డు కోసుకుపోయి సముద్రంలో కలిసిపోయాయి. అయినా మళ్ళీ ఒడ్డునే కట్టుకుంటన్నాం. దీనికున్న బుద్ధి మనకి లేకపోయిందే లోవా!" అంది నాతో.