ఆగని గడియారం

మావాడు ఎమ్మెట్ నాలుగేళ్లు హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడు. ఒక్క ఆటలోనూ మైదానంలో కాలు పెట్టలేదు. వాళ్ళమ్మ చనిపోయిన వారంలో కూడా వాడు సాధన మానలేదు. మొన్న శుక్రవారం జరిగింది వాడి ఆఖరి ఆట. చివరి పావు ఆటలో బంతి మన చేతికొస్తే దింపుతానని కోచ్ వోదెనాల్ వాడికి మాటిచ్చాడు.

సగం ఆటకే అవతలివాళ్ళకి నలభై రెండు, మాకు సున్నా. తేడా అంత పెరిగితే రెండో సగంలో గడియారం ఆపకూడదని నెబ్రాస్కాలో నియమం. బంతి గీత దాటినా, నేల మీద పడినా అంకెలు తరుగుతూనే ఉంటాయి. ఓడేవాళ్ళ మీద దయట. ఆ దయ తలచినవాడి కొడుకు ఎప్పుడూ ఆట దొరక్క బల్ల మీద కూర్చుని ఉండడు.

చివరి పావు మొదలవగానే బంతి అవతలివాళ్ళకి పోయింది. వాళ్ళు మర్యాదస్తులు. ఇంకా పాయింట్లు కొట్టి మమ్మల్ని ఏడిపించకూడదని బంతి విసరడం మానేశారు. కడుపుకి హత్తుకుని కాస్త ముందుకి దూరడం, పడిపోవడం, తీరిగ్గా లేవడం. బంతి వదల్లేదు. ఎమ్మెట్ హెల్మెట్ పెట్టుకుని గీత దగ్గరే నిలబడ్డాడు.

ఆ గడియారాన్ని ఆపగలిగేది కోచ్ అడిగే విరామం ఒక్కటే. మాకున్న మూడు విరామాలూ మిగిలే ఉన్నాయి; ఆపితే బంతి మాకొచ్చేదాకా టైముంటుంది. నేను మెట్లు దిగి కంచె దగ్గరికి పోయాను.

"టైమవుట్ అడుగు వోదెనాల్. వాడికి మాటిచ్చావు."

అతను వెనక్కి తిరగలేదు. "ఇంత వెనకబడి ఎవడన్నా అడుగుతాడా వెర్నన్? జనం చలికి చస్తున్నారు. ఇళ్ళకి పోనీ."

"జనంతో నాకేం పని?"

"పోయి కూర్చో. పిల్లాడి పరువు తియ్యకు."

వెర్నన్‌కి ఆట ఇంకా చాల్లేదట, దుప్పటి ఇవ్వండి అని మెట్ల మీద ఎవడో అన్నాడు. చుట్టూ నవ్వారు.

గడియారం సున్నాకొచ్చింది. బంతి వాళ్ళ దగ్గరే ఉంది. రెండు జట్లూ వరసగా నడుస్తూ చేతులు కలిపాయి. బాగా ఆడావని వాళ్ళలో ప్రతివాడూ ఎమ్మెట్‌తో అన్నాడు. వీడూ ప్రతివాడికీ అదే చెప్పాడు.

ట్రక్కులో నేను వోదెనాల్‌ని తిట్టడం మొదలుపెట్టాను. ఎమ్మెట్ కిటికీలోంచి చూస్తూ విన్నాడు.

"నేను ముందే కోచ్‌ని అడిగాను నాన్నా. ఈసారి వాళ్ళు పడగానే విరామం అడుగుతానన్నాడు. ఇంతలో నువ్వు అందరి ముందూ వచ్చి అడిగావు."

ఇంట్లో చల్లారిన బీన్స్ పులుసు గిన్నెలోంచే తిన్నాడు, నిలబడి, నాకు వీపు పెట్టి.