ప్రభువు చెవిన వేసిన మాటలు

రుక్కమ్మకు కోడలితో మాటలు బందై పందొమ్మిది రోజులు. అంతమాత్రాన చెప్పాల్సినవేమీ ఆగలేదు. అన్నీ ప్రభువు చెవిన వేస్తున్నది, కోడలికి వినపడేటట్టు.

పాన్‌గల్ పక్కనుండే మా ఊళ్ళో మందిరానికి పోయేవాళ్ళ ఇండ్లల్లో దీపాలు పెట్టే వేళకు ఇంటి ప్రార్థన ఉంటుంది. చాప పరుచుకుని, కండ్లు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరు పైకే ప్రార్థన చేస్తారు. ఒకరు ముగించగానే మిగతావాళ్ళు ఆమెన్ అనాలి. రుక్కమ్మ ఇంట్లో చాప మీద ముగ్గురే. ఈ కొసన ఆమె, ఆ కొసన కోడలు నిరోష, నడుమ కొడుకు ప్రదీప్.

“ప్రభువా,” అనేది రుక్కమ్మ, “పొద్దు బారెడెక్కినంక లేచేటోళ్ళను గూడ నువ్వు ప్రేమిస్తవు. నీ ఓపికకు స్తోత్రం.”

“తండ్రీ,” అనేది నిరోష, “ఒకసారి ఊడ్చిన వాకిలినే మళ్ళా ఊడ్చే చేతులకు జర విశ్రాంతి ఇయ్యి.”

ప్రదీప్ పరేషాన్. ఆమెన్ అంటే ఒక పక్కకు పోయినట్టు, అనకుంటే ఇంకో పక్కకు పోయినట్టు. అందుకని ఇద్దరికీ హల్లెలూయ అనడం మొదలుపెట్టాడు. మూడో రోజుకు రుక్కమ్మ కనిపెట్టింది.

“నా ప్రార్థనకు ఆమెన్ రాకపాయెనేందిరా?”

“లోపల అన్ననమ్మా.”

“లోపల అన్నది లోపల్నే ఉంటదిరా. బయటికి అను.”

ఇంటి పని కూడా ప్రార్థన మీదే నడిచింది. “ప్రభువా, రేపు పల్లికాయ పీకనీకి పదిమంది కూలోళ్ళు వస్తరు, నీకు తెల్వనిది కాదు” అని రుక్కమ్మ అంటే, తెల్లారేసరికి పదిమందికీ సరిపోయే జొన్నరొట్టెలు గంపలో ఉండేవి. “తండ్రీ, ఉప్పు అయిపోయింది” అని నిరోష అంటే, రుక్కమ్మ దుకాణానికి పోయి ఉప్పు తెచ్చి, ఎవరి చేతికీ ఇయ్యకుండా పొయ్యి పక్కన పెట్టేది.

ఇదంతా ఒక సాక్ష్యంతో మొదలైంది. మాటలు బందైన ఆ ఆదివారం ఆరాధనలో, ప్రభువు తనకు చేసిన మేలు అందరి ముందు చెప్పుకోవడానికి నిరోష లేచి నిలబడింది. తెలకపల్లి పిల్ల, డిగ్రీ చదివింది, మైకంటే భయం లేదు. “అత్తగారింటికి వచ్చినంక ప్రభువు నాకు ఓపిక అంటే ఏందో నేర్పించిండు” అన్నది. ఆడవాళ్ళ చాపల మీద ఇరవై తలలు రుక్కమ్మ వైపు తిరిగాయి. సరిగ్గా అప్పుడే సంఘపెద్ద పెంటయ్య గంట కొట్టాడు. సాక్ష్యానికి మూడు నిమిషాలేనని ఆయన పెట్టిన కట్టడి. ఆయన సాక్ష్యానికి మాత్రం గంట కొట్టేవాళ్ళు లేరు. నిరోష నోరు మూసుకుని కూచున్నది. ఇంటికొచ్చినంక రుక్కమ్మ కూడా నోరు మూసుకున్నది.

నెల మొదటి ఆదివారానికి ఇంకా రెండు రోజులుందనగా పాస్టరుగారి భార్య లలితమ్మ వచ్చింది. మొదటి ఆదివారమంటే ప్రభువు బల్ల, పాస్టరుగారు విరిచిన రొట్టె, ద్రాక్షరసం సంఘమంతా పుచ్చుకునే రోజు. ఆ బల్లకు రొట్టె కాల్చేది, నల్ల కిస్మిస్ నానబెట్టి రసం తీసేది పద్దెనిమిదేండ్లుగా రుక్కమ్మే. పెనిమిటి పోయిన ఏడు గోడకు ఆనుకుని లేవకుండా కూచున్న ఆమెను లేపి లలితమ్మే ఆ పని అప్పజెప్పింది. రుక్కమ్మకు చదువు రాదు. ఆమె పాట ఎత్తుకుంటే పక్కవాళ్ళు రాగం మరిచిపోతారు. మందిరంలో తనదని చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ రొట్టె ఒక్కటే.

“రుక్కమ్మా, ఈ నెల రొట్టె తిమ్మమ్మకు చెప్పాల్నా?” అన్నది లలితమ్మ అరుగు మీద కూచుంటూ.

రుక్కమ్మ చేతిలో చాట ఆగింది. “ఎందుకమ్మగారూ, నాకేమైంది?”

“మాటల్లేనోళ్ళు బల్ల ముట్టొద్దంటం. ముట్టేటోళ్ళకే గంత కట్టడి ఉంటే, రొట్టె కాల్చేటోళ్ళకు ఉండదా?”

“నాకు మాటల్లేవని ఎవరన్నరు? రోజూ మాట్లాడుతనే ఉన్న.”

“ఎవరితోని?”

“ప్రభువుతోని.”

“ఆయనేమంటుండు?”

“నా దిక్కే ఉన్న అంటుండు.”

“గట్లనా. మొన్న నల్లాకాడ నిరోషనడిగితే ఆయన ఆమె దిక్కున్నడని చెప్పింది. పాపం, ఒక్క ఇంట్లనే ఆయన్ను గిట్ల రెండు దిక్కులు గుంజుతే ఎట్లమ్మా?”

రుక్కమ్మ పల్లీలు చెరగసాగింది. చెరిగినవే మళ్ళీ చెరుగుతున్నది.

“రేపు పొద్దు గూకేలోపు కోడలితోని ఒక్క మాట మాట్లాడు. సూటిగ, కండ్లు తెరిచి. లేకుంటే పిండి తిమ్మమ్మకు పోతది.” అని లలితమ్మ లేచిపోయింది.

తిమ్మమ్మ పదేండ్ల నుంచి ఆ పిండి కోసమే కాచుకుని ఉన్నది. ఆమె కాల్చిన రొట్టె నమిలి మింగేలోపు పాస్టరుగారి ప్రసంగం కూడా అయిపోతుందని ఊళ్ళో పేరు.

శనివారం రుక్కమ్మ చానా తిప్పలు పడింది. పొద్దున్నే మేకతో మాట్లాడింది. ఆ తర్వాత కోడితో. నిరోష బోళ్ళు తోముతుంటే పక్కకు పోయి నిలబడి, గొంతు సవరించుకుని, “చలి పోయినట్టే ఉన్నది” అని ఆకాశంతో అన్నది. ఆకాశం ఏమీ అనలేదు. నిరోష కూడా.

మూడు గంటలకు స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, గోధుమపిండి ముందేసుకుని కూచున్నది. కిస్మిస్ పొద్దుటి నుంచే నానుతున్నది. నీళ్ళు పోసి పిండిలో చెయ్యి పెట్టగానే చుర్రుమన్నది. వారం రోజులు పల్లికాయ పీకిన చేతులు. వేళ్ళ సందుల్లో తోలు పగిలి నెత్తురు చెమ్మ కనపడుతున్నది. ఆ చేతులతో పిసకడం కాదు. పిసికినా ఆ రొట్టె ఎవరి నోట్లో పెడుతుంది?

అలవాటు చొప్పున కండ్లు మూసుకున్నది.

“ప్రభువా, చేతులు పగిలినయి. పిండి పిసుకుడు నాతోని అయితలేదు. నీ బల్ల ఎట్ల గడుపుకుంటవో…”

“ఎవరికి చెప్తున్నవత్తమ్మా?” గడప మీద నుంచి నిరోష గొంతు. “ఆయనకు నీ చేతులు కనపడుతనే ఉంటయి. నాకైతే చెప్పాలె.”

రుక్కమ్మ ఒక కన్ను తెరిచింది. నిరోష నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నది, కదలడం లేదు. రుక్కమ్మ పిండి వైపు చూసింది. వాలుతున్న పొద్దు వైపు చూసింది. తిమ్మమ్మ ఇంటి వైపు చూసింది. రెండో కన్ను కూడా తెరిచింది.

“నిరోషా. జర పిండి పిసుకు బిడ్డా.”

“ఇది అడుగుడా, ప్రార్థననా?”

“అడుగుడే.”

నిరోష వచ్చి కూచున్నది. ముందు అత్త చేతులు పట్టుకుని తిప్పి చూసింది. కొబ్బరినూనె తెచ్చి వేళ్ళ సందుల్లో రాసింది. ఆ తర్వాత తన చేతులు కడుక్కుని వేరే పిండి ముందేసుకున్నది.

“నేను నిన్ను గంతగనం సతాయించిన్నా?” అన్నది రుక్కమ్మ, పిండి వైపే చూస్తూ.

“సతాయించినవ్. ఇప్పటికీ సతాయిస్తవ్. నేను ఊడ్చింది మళ్ళా ఊడుస్తవ్.”

“మూలలల్ల చెత్త ఉంటది.”

“ఉంటది,” అని ఒప్పుకున్నది నిరోష. “పెండ్లైన ఏడు నేను జ్వరంతోని వనపర్తి దవాఖానల పడితే, పదకొండు రోజులు నా మంచం కిందనే పన్నవ్. నర్సమ్మ ఎన్నిసార్లు బయటికి పంపినా మళ్ళా వచ్చినవ్. ఓపిక నేను నేర్చుకున్నది గక్కడ. గది చెప్దామనుకునేలోపు పెంటయ్య తాత గంట కొట్టిండు.”

రుక్కమ్మ కొంగుతో ముక్కు తుడుచుకున్నది. “మంచిది ముందుగాల చెప్పాలె బిడ్డా. గంట కొట్టేటోడున్న సంఘంల, అత్త పేరు ఎత్తంగనే మంచి ముచ్చట చెప్పాలె.”

“ఇంటికొచ్చినంక నువ్వన్న అడగరాదు?”

“ప్రభువును అడిగిన.”

“ఆయన చెప్పలేదా?”

“చెప్పిండు కావొచ్చు. నేను మాట్లాడుడు ఆపితే గద, ఆయన చెప్పేది ఇనపడేది.”

పెనం వేడెక్కింది. ఇరవై రోజుల మాటలు ఒక్కటొక్కటే బయటికి వచ్చాయి. ప్రదీప్ హల్లెలూయల సంగతి వచ్చేసరికి ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. పొద్దు గూకే వేళకు లలితమ్మ వాకిట్లోకి వచ్చి, ఆ నవ్వులు విని, పిలవకుండానే వెనక్కి తిరిగిపోయింది.

తెల్లారి ఆరాధనలో పాస్టరుగారు రొట్టె విరిచారు. ముక్క నాలుక మీద పెట్టుకోగానే రుక్కమ్మకు తెలిసిపోయింది. ఉప్పు. బల్ల రొట్టెలో పిండీ నీళ్ళూ తప్ప ఏదీ వెయ్యకపోవడం మా సంఘం పద్ధతి. మాటల్లో పడి నిరోష చెయ్యి చిటికెడు ఉప్పు వేసింది, రుక్కమ్మ చూసుకోలేదు. పెంటయ్య నములుతూ కనుబొమలు ఎత్తాడు. తిమ్మమ్మ రుక్కమ్మనే చూస్తూ మెల్లగా నమిలింది, చాలాసేపు నమిలింది.

ఆ సాయంత్రం చాప పరిచారు. కండ్లు మూసుకున్నారు.

“ప్రభువా, ఇయ్యాల రొట్టెల…” అని ఎత్తుకున్నది రుక్కమ్మ. ప్రదీప్ హల్లెలూయ సిద్ధం చేసుకున్నాడు.

ఆమె ఆగిపోయింది. కండ్లు తెరిచి, కొడుకు మోకాళ్ళ మీదుగా కోడలి వైపు వంగింది.

“నిరోషా, బల్ల రొట్టెల ఉప్పు వెయ్యరు బిడ్డా.”

“నాకు తెల్వదత్తమ్మా. వచ్చే నెల పక్కన కూచోని చూపిస్తవా?”

“చూపిస్త.”

రుక్కమ్మ మళ్ళీ కండ్లు మూసుకున్నది. ప్రభువుకు చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆయనేమన్నా చెప్తాడేమోనని ఊరకే కూచున్నది.

ప్రదీప్ ఒక కన్ను తెరిచి ఇటు చూశాడు, అటు చూశాడు. “ఆమెన్” అన్నాడు, బయటికే.