కాంటాక్ట్ పేజీ

ఎవరూ రాని గదిలో అద్దాలకి ఇంత దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తుందో గానీ, పద్మజ రోజూ తుడుస్తూనే ఉంది. అమెరికాలో, అల్ఫారెట్టా ఊళ్ళో ఇండియన్ గ్రోసరీ పక్క గదిని అద్దెకి తీసుకుని, ఆడవాళ్ళ కోసం ఫిట్‌నెస్ స్టూడియో తెరిచి మూడు నెలలైంది. మొదట్లో మొహమాటానికి వచ్చిన స్నేహితురాళ్ళు తప్ప నరపురుగు రాలేదు. అయినా క్లాసు వేళకి పాట పెట్టేది. ఎదురెదురు అద్దాల్లో తానే వరసలు వరసలుగా కనిపించేది. అంతమంది పద్మజలున్నా పలకరించే దిక్కు లేదు.

వెబ్‌సైటు చక్రపాణి చేశాడు. పెద్ద కంపెనీలకి సైట్లు కట్టే మొగుడుండగా బయటివాళ్ళెందుకని ఆమే మురిసిపోయింది. హోం పేజీ నిండా సన్నటి నడుముతో ఓ తెల్లమ్మాయి గాల్లోకి ఎగురుతుంటుంది. "నా ఫోటో పెట్టరా?" అని అడిగితే, పైనించి కిందకి చూసి, "బిజినెస్ కావాలా, వద్దా?" అని నవ్వాడు. ఇద్దరు పిల్లల్ని కని, వాళ్ళు స్కూలుకెళ్ళిన వేళల్లో చదివి సర్టిఫికేషన్ తెచ్చుకున్న మనిషి, తనూ నవ్వేసి ఊరుకుంది. అందుకు తనమీద తనకే ఇప్పటికీ ఒళ్ళుమంట. సైటు చూపించడానికి పిలిచిన డిన్నర్‌లో అందరూ అతని భుజం తట్టారు. పకోడీలు వేయించింది మాత్రం ఆమె. జనం రాకపోయేసరికి అతనే తేల్చేశాడు: "సైట్ పర్ఫెక్ట్‌గా ఉంది. ప్రాబ్లం ప్రాడక్ట్‌లో ఉంది. లీజ్ రెన్యూ చెయ్యకు." ప్రాడక్ట్ అంటే తానే. పాపం, నమ్మేసింది.

ఆ మధ్యాహ్నం తలుపు తోసుకుని ఓ పెద్దావిడ వచ్చింది. పేరు మీనాక్షిట, కూతురి దగ్గరికి వచ్చిందట. కూతురు పక్క కొట్లో కూరలు ఏరుతోంది.

"నేర్పేది నువ్వేనా అమ్మాయ్? మావాళ్ళు సైటు చూసి ఎన్నిసార్లు ఫోన్ చేశారనుకున్నావ్! ఎవరో మగాయన ఎత్తి, మీటింగ్‌లో ఉన్నానంటాడు. మగవాడి దగ్గర గెంతులేమిట్లే అని ఊరుకున్నాం."

పద్మజ కంప్యూటర్ తెరిచింది. కాంటాక్ట్ పేజీలో ఉన్నది చక్రపాణి నంబరు. పేజీలన్నీ వెతికింది. తన పేరు ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ లోటు తన ఒంట్లో ఉందనుకుని కుమిలిపోయింది. ఇప్పుడు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది.

ఫోన్ చేసింది. "నా స్టూడియోకి వచ్చిన ఫోన్లు నాకెందుకు చెప్పలేదు?"

"అబ్బా, గుర్తుండి చావదు. నీ ఇంగ్లీష్ విని పారిపోతారని నా నంబర్ పెట్టాను. వీకెండ్‌లో మారుస్తాలే."

"మీరు మార్చక్కర్లేదు. పాస్‌వర్డ్ చెప్పండి."

"పాడు చేస్తావ్ పద్దూ."

"చెప్పండి."

ఒక్కో అక్షరమే, విసుగ్గా చెప్పాడు.

"చీరతో రావచ్చా అమ్మాయ్?" మీనాక్షిగారు మోకాలు పట్టుకుని కుర్చీలో కూర్చుంటూ అడిగింది.

"రండి. చుడీదార్ అయితే ఇంకా సుఖం."

కాంటాక్ట్ పేజీలో తన నంబరు పెట్టింది. హోం పేజీలో ఎగిరే అమ్మాయిని తీసేసింది. ఖాళీ అయిన చోట ఏం రాయాలో కాసేపు తోచలేదు. తన గురించి తను చెప్పుకుని ఎన్నేళ్ళయిందో! తర్వాత, వచ్చిన ఇంగ్లీషులోనే, తడుముకోకుండా కొట్టింది:

'నా పేరు పద్మజ. ఇక్కడ నేర్పేది నేనే. ఫోన్ చెయ్యండి, నేనే ఎత్తుతాను.'