మైదానం కింది ఇత్తడి మేకు

ఉక్కు టేపు ఎండకు సాగుతుంది. అందుకే సిత్ నాధిమా సూర్యుడికన్నా ముందే బాగ్దాద్ జాతీయ క్రీడాంగణానికి వచ్చి, ఉత్తరపు పెనాల్టీ చుక్కకు మూరెడున్నర దూరంలో మోకాళ్ల మీద కూర్చుంది. ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు రేఖాగణితం చెప్పిన మనిషి ఆమె. పరుగుబాటను కొలిచి ధ్రువపత్రం ఇచ్చే అధికారం దేశంలో ముగ్గురికే ఉంది. అందులో ఆమె ఒకతె.

కొలవవలసిన కారణం పక్కనే కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. ఎనిమిది రోజుల కిందట ఆ పిల్ల, రుసుల్, ఈ బాట మీద నాలుగువందల మీటర్లు పరుగెత్తి జాతీయ రికార్డును దాటింది. బాట ధ్రువపత్రానికి గడువు తీరిపోయిందన్న సంగతి అధికారులకు ఆ తరువాత గుర్తొచ్చింది. బాట వెంట్రుకవాసి తక్కువైనా ఆ పరుగు లెక్కలోకి రాదు; ఆసియా పోటీలకు దారి మూసుకుపోతుంది. కొలవాలంటే రెండు వంపుల కేంద్రాలూ తెలియాలి. కట్టిన రోజుల్లో ఒక్కో కేంద్రంలో ఒక్కో ఇత్తడి మేకు పాతారు. దక్షిణపు మేకు దొరికింది. ఉత్తరపుది దొరకలేదు.

"దొరకదు ఖాలా," అన్నాడు మైదానం ఇంజనీరు ముహన్నద్, టీ గ్లాసులో చక్కెర కలుపుతూ. "ఇదిగో, ఇక్కడే తవ్వించి పూడ్పించాను. విదేశీ సైన్యం దిగినప్పుడు సరిగ్గా దీని మీదే ట్యాంకు నిలబెట్టారట. ఇంకేం మిగులుతుంది?"

"ఖాలా, పిన్నీ అని మీ ఇంట్లో పిలుచుకో. ఇక్కడ నేను సిత్‌ని, పంతులమ్మని. ఎంత లోతు తవ్వించావు?"

"మూరెడు. పాత పటంలో అంతే ఉంది."

"పటం గీసిన నాటి నేల నుంచి మూరెడు. నువ్వు నిలబడ్డది ఆ నేలేనా?"

ముహన్నద్ తన బూట్లవైపు చూసుకున్నాడు. రుసుల్ కిసుక్కున నవ్వింది.

మైదానం అంచున పాత రాతి కాలువ ఉంది. కట్టినప్పుడు దాని గట్టూ పచ్చికా ఒకే మట్టంలో ఉండేవి. ఇప్పుడు పచ్చిక జానెడు ఎత్తున ఉంది. "నేల పెరిగింది. మేకు పెరగదు," అంటూ నాధిమా పూడ్చిన గుంతను మళ్లీ తవ్వించి, పక్కగోడను తాపీతో నున్నగా చెక్కింది.

"సిత్, నా రికార్డు పాతాళంలో ఉందా?"

"పాతాళానికి జానెడు ఇవతల. ఆ దీపం ఇటు పట్టు."

గోడ పొరలు పొరలుగా తేలింది. పైన, విదేశీ జట్టు వస్తుందని మూడేళ్ల కిందట పరిచిన పచ్చిక. దాని కింద గుడారపు కొక్కెం ఒకటి, కాలిన ఖర్జూరపు గింజలు: ఉత్తరాది నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు ఒక చలికాలమంతా ఇక్కడే వండుకు తిన్నాయి. ఆ కింద నాలుగు వేళ్ల మందాన నల్లమట్టి. విదేశీ సైన్యం వదిలిపోయిన డీజిల్ ఇంకా కంపు కొడుతోంది. ఇంకా కింద తుప్పుపట్టిన సన్నని తీగలు. రుసుల్ ఒకటి లాగి చూపించింది.

"ఇదేంటి సిత్?"

"కాగితప్పూల కాడ. అంతకుముందటి యుద్ధకాలపు కవాతులో బడిపిల్లల చేతికిచ్చినవి. ఆరు గంటలు ఎండలో నిలబెట్టారు."

నిలబెట్టిన పంతులమ్మల్లో తానూ ఉన్నానని నాధిమా చెప్పలేదు. తాపీ పట్టు బిగించింది. ఈ మైదానంలో కొట్టిన గోల్స్ సంఖ్య, గెలిచిన కప్పుల సంఖ్య అచ్చులోకి ఎక్కాయి. సొమ్మసిల్లిన పిల్లల సంఖ్య ఏ దస్తావేజులోనూ లేదు.

ఆ తరువాత మెత్తని టైగ్రిస్ ఒండ్రు. ముహన్నద్ తవ్వించిన అడుగు నుంచి ఇంకో జానెడు దిగాక తాపీ మొన టంగుమంది.

నాధిమా చున్నీ కొసతో తుడిచింది. బొటనవేలంత ఇత్తడి తల. దాని మీద వెంట్రుకంత సన్నగా చెక్కిన కూడిక గుర్తు. బిందువుకు పొడవూ వెడల్పూ ఉండవని, అది ఊహలోనే ఉంటుందని ఆమె కొన్ని వేలమంది పిల్లలకు చెప్పింది. ఆ గీతలు కలిసినచోట చూపు నిలిపింది. పైన ఇన్ని జరిగాయి. పేరు తెలియని ఎవరో తాపీమేస్త్రి పెట్టిన చుక్క పెట్టినచోటే ఉందా?

దానికి జవాబు టేపు చెప్పాలి. దక్షిణపు మేకు నుంచి ఎనభైనాలుగు మీటర్ల ముప్పైతొమ్మిది సెంటీమీటర్లు: సరిపోయింది. రెండు వంపుల మీదా, తిన్నని బాటల మీదా కలిపి ఇరవై ఎనిమిది చోట్ల ముహన్నద్ టేపు కొస పట్టుకుని నడిచాడు. మొదట గొణిగాడు. పదో చోటుకి గొణుగుడు మానాడు. ఇరవయ్యో చోటుకి అంకె తనే బిగ్గరగా చదివాడు, అజాన్ పిలిచినంత శ్రద్ధగా. నాధిమా గుంత పక్కన కూర్చుని కాగితం మీద కూడింది. మళ్లీ కింది నుంచి పైకి కూడింది.

"నాలుగువందల మీటర్ల పన్నెండు మిల్లీమీటర్లు. చెల్లుతుంది. నీ రికార్డు నీదే."

రుసుల్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ల సందుల్లోంచి అడిగింది. "అంటే ఆ పన్నెండు మిల్లీమీటర్లు ఊరికే పరుగెత్తానా సిత్?"

"ఊరికే," అంది నాధిమా. కాగితం మడిచింది. లేవడానికి ముహన్నద్ చెయ్యి అందించాడు. ఆమె పట్టుకోలేదు, వంపు మీదికి ఎండ ఎక్కుతుంటే మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా చూస్తూ, ఆ గుంత పక్కనే ఇంకాసేపు కూర్చుంది.